చూచినది, తలచినది, చెప్పినది, చేసినది

వైద్య సమాచార శాస్త్రమున నేడు పట్టభద్రులైన యువతీయువకులారా, మీరు కంప్యూటరులో నిర్మింపబోవు ఆరోగ్య రికార్డును గూర్చి మీతో ముచ్చటింపగోరుచున్నాను.

రక్తపోటు 150/90 అని వ్రాసినంతమాత్రమున వైద్యునకు కావలసినదంతయు తెలియదు. రోగి కూర్చుండెనా, పరుండెనా, పట్టీ ఏ చేతికి చుట్టిరి, లావుపాటి చేతికి అది చాలినంత వెడల్పుగా నుండెనా అనునవి తెలిసినగాని ఆ అంకెకు అర్థము పూర్తి కాదు, ఏలయన ఇరుకైన పట్టీ లేని పోటును ఉన్నట్లు చూపును. ఆరోగ్య రికార్డులను గూర్చిన ఓపెన్ ఈహెచ్ఆర్ అను సంప్రదాయమున థామస్ బీల్, శామ్ హెర్డ్ ప్రభృతులు పెంపొందించిన ఆర్కిటైపు అను నమూనా, కొలతను, కొలుచునప్పటి రోగిస్థితిని, కొలిచిన విధానమును వేర్వేరు అరలలో నుంచి, వైద్యులు ఒకపరి చర్చించి ఆమోదించినదానిని ఏ ఆసుపత్రియైనను మరల మరల వాడుకొనునట్లు చేయుచున్నది.

వైద్యవిషయము నమోదగు నమూనాలలో ప్రధానమైనవి నాలుగు వర్గములు: పరిశీలన, నిర్ణయము, ఆదేశము, క్రియ. చేరిక, విడుదల వంటి పాలనావిషయములు వేరు. వానితో మనకిప్పుడు పనిలేదు. "నడిస్తే గుండెల్లో బరువుగా ఉంటోందయ్యా" అని రోగి చెప్పిన మాటకు పరికరము చూపిన అంకెతోపాటు పరిశీలనలోనే స్థానమిచ్చి, "ఇది గుండెజబ్బు" అను వైద్యుని అభిప్రాయమును నిర్ణయవర్గమున వేరుగా నిలుపుట నాకు మిక్కిలి న్యాయముగా దోచును. అభిప్రాయము రేపు మారవచ్చును. రోగి చెప్పిన మాట చెప్పినట్లే యుండవలయును. పెన్సిలిన్ పడదను హెచ్చరికయు నిర్ణయమే. వైద్యుడు దద్దురులను స్వయముగా చూచెనా, తల్లి చెప్పగా వినెనా అనునది విడిగా నున్నచో, తరువాతి వైద్యుడు దానిని తిరిగి విచారింపగలడు.

ఆదేశమునకును క్రియకును గల యంతరమును తేలికగా దలపకుడు. దినమునకు మూడు మోతాదులని డాక్టరు వ్రాసినను, నర్సు ఒక్కటి యిచ్చి, రోగికి వాంతియగుటచే తక్కినవి ఆపియుండవచ్చును. ఆ రెంటిని ఒకే గడిలో కలిపిన రికార్డు వేయని మందును వేసినట్లు సాక్ష్యమిచ్చును. రాత్రి డ్యూటీకి వచ్చిన డాక్టరు ఆ సాక్ష్యమునే నమ్మును.

మన కేంద్రప్రభుత్వము 2013లో ప్రకటించి 2016లో సవరించిన ఆరోగ్య రికార్డుల ప్రమాణములలో ఈ ఓపెన్ ఈహెచ్ఆర్ సంప్రదాయమునకును స్థానము లభించినది. కావున కొత్త ఫారము తయారుచేయుమని ఆసుపత్రివారు మిమ్మడిగిన దినమున, ఎల్లరకును తెరచియున్న నమూనాల భాండారమును ముందుగా వెదకుడు. ఉన్నది చాలనిచో, ఆ వార్డు డాక్టరును, నర్సును చెంత కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క గడిలో చేరునది ఆ నాలుగింట ఏదియో వారినే యడిగి, అట్లు కుదిరినదానిని తిరిగి ఆ భాండారమునకే పంపుడు.