నల్ల ఈగ చెప్పే ఏటి కబురు



ఈ ఉపన్యాసం ఏ గురువుగారి పేరిట జరుగుతోందో, ఆయన మాకు జంతుశాస్త్రం గదిలో కన్నా వాగులోనే ఎక్కువ చెప్పారు. పంచె ఎగగట్టి, నీళ్ళలోంచి ఒక రాయి తీసి తిరగేసి, "ముందు ఇది చదవండి" అనేవారు. ఇవాళ నేను చదవబోయేదీ అలాంటి రాయినే.

నీళ్ళు ఉరకలేసే చోట రాళ్ళ మీద నల్ల ఈగ పిల్లపురుగులు ఉంటాయి. ఒక్కోటి సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు. నోటి నుంచి పట్టు తీసి రాతికి అంటిస్తుంది. ఒంటి చివరి కొక్కేలను ఆ పట్టులో గుచ్చి, తలను వాలుకు వదిలి, రెండు విసనకర్రలు విప్పుతుంది. ఏటిలో కొట్టుకొచ్చే నాచు తునకలు, బాక్టీరియా వాటిలో చిక్కుతాయి. అదే దాని తిండి. నీటిలో కరిగిన ప్రాణవాయువును ఒంటి చర్మం గుండానే పీల్చుకుంటుంది.

గట్టు తవ్విన మట్టి వచ్చి రాతిని కప్పేస్తే పట్టు అతకదు. చెట్లు నరికితే నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది. మరి మురుగు కలిస్తే? చాలామంది పొరబడేది ఇక్కడే. కాస్త మురుగు కొన్ని జాతులకు విందు. అవి రాయి కనబడనంతగా పెరుగుతాయి, సుకుమారమైన జాతులు చడీచప్పుడు లేకుండా తప్పుకుంటాయి. మురుగు ముదిరితే ఆ మిగిలినవీ పోతాయి. అందుకే ఈగలు ఎన్ని అని కాదు, ఎన్ని రకాలు అని అడగాలి.

అమెరికాలో 1972 నాటి శుభ్రజల చట్టం తర్వాత పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా నది తేరుకుంది. దాంతోపాటే మనుషుల చుట్టూ ముసిరే సిములియం జెన్నింగ్సీ అనే నల్ల ఈగా పెరిగింది. నీరు బాగుపడిందనడానికి అదొక గుర్తు. ఒడ్డున ఉండేవాళ్ళకు మాత్రం బెడద.

దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది కథ వేరు. అక్కడ మారింది నీటి నడక. ఒకప్పుడు చలికాలంలో ఆ నది బాగా సన్నగిల్లేది, పిల్లపురుగులకు చోటు తగ్గేది. 1970లలో గారీప్, వాండర్‌క్లూఫ్ ఆనకట్టలు వచ్చాక విద్యుత్తు కోసం, సాగు కోసం ఏడాది పొడుగునా నీళ్ళు వదులుతున్నారు. పురుగులు చలికాలం దాటుకుని వసంతంలో ఈగలై మందలుగా లేస్తున్నాయి. గొర్రెల చెవులూ పొదుగులూ కుట్టి పుండ్లు చేస్తాయి. కాపరికి అది బతుకుదెరువు మీద దెబ్బ.

పశ్చిమాఫ్రికాలో ఇదే కుటుంబపు ఈగ కుట్టి రివర్ బ్లైండ్‌నెస్ తెచ్చింది. చూపు పోతుందన్న భయంతో సారవంతమైన ఏటి ఒడ్డులను జనం వదిలేశారు. 1974 నుంచి 2002 దాకా హెలికాప్టర్లతో నదుల్లో మందు చల్లారు. టెమెఫాస్ అనే మందుకు తట్టుకునే ఈగలు పుట్టుకొచ్చాయి. అప్పుడు మందులు మార్చి మార్చి వాడారు, వాటిలో బీటీఐ అనే బాక్టీరియా మందూ ఉంది. సుమారు 6 లక్షల మంది చూపు నిలబడింది. సుమారు 2.5 కోట్ల హెక్టార్ల భూమి మళ్ళీ సాగుకు, నివాసానికి పనికొచ్చింది. ఇంతకన్నా గొప్ప ప్రజారోగ్య విజయాలు నాకు కొద్దిగానే తెలుసు.

నా విన్నపం ఒక్కటే. ఆనకట్ట గేట్లు ఎప్పుడు ఎత్తాలో, ఎంత నీరు వదలాలో నిర్ణయించే బల్ల దగ్గర ఇంజనీరు పక్కన కీటకశాస్త్రజ్ఞుడికీ ఒక కుర్చీ వేయండి. విద్యార్థులారా, ఈ ఆదివారం దగ్గరి వాగుకు వెళ్ళి ఒక రాయి తిరగేయండి. చూసింది రాసుకుని, రాయిని మళ్ళీ అక్కడే, అలాగే పెట్టండి.