చెప్పిన ధర అమానతే

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక.

విశ్వాస సోదరులారా, సోదరీమణులారా! అల్లాహ్ పట్ల భయభక్తులతో మెలగాలని ముందుగా మనకు మనమే హితవు చెప్పుకుందాం. భయభక్తులు జానమాజుకే పరిమితమైనవి కావు. త్రాసు దగ్గరా, లెక్కల పుస్తకం దగ్గరా, నేటి కాలంలో చేతిలోని ఫోను తెర దగ్గరా వాటికి పరీక్ష ఉంటుంది. అటువంటి పరీక్షల్లో ఒకదాన్ని గురించి ఈ జుమా నాడు ఆలోచిద్దాం. విమాన టికెట్టు కొనేవారికి ఆన్‌లైన్ ఏజెన్సీలు మొదటి పేజీలో ఒక ధర చూపి, చివరి పేజీలో మరొక ధర వసూలు చేసే పద్ధతి అది.

ఇది ధనవంతుల గోడు, మనకెందుకు అని ఎవరూ అనుకోవద్దు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళి చెమటోడ్చే మన బిడ్డలు విమానంలోనే వెళ్ళాలి, విమానంలోనే రావాలి. జీవితమంతా రూపాయి రూపాయి కూడబెట్టిన వృద్ధ దంపతులు శంషాబాద్‌లో విమానమెక్కి ఉమ్రాకు వెళ్తున్నారు. తండ్రి జనాజాకు అందుకోవాలని రాత్రికి రాత్రి టికెట్టు వెతుక్కునే కొడుకు మన వీధిలోనే ఉన్నాడు. వారికి వెయ్యి రూపాయల తేడా చిన్నది కాదు.

జరిగేదేమిటో ఒక లెక్కతో చూద్దాం. ఒక తండ్రి తన కుటుంబంలోని నలుగురికి టికెట్లు వెతుకుతున్నాడనుకుందాం. తెర మీద తలకు 5,000 రూపాయలని కనిపించింది. 20,000 సిద్ధం చేసుకున్నాడు. పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ నింపాడు. తరువాతి పేజీలో సీట్ల పటం వచ్చింది. ఎంచుకోక తప్పదేమోనని తలకు 300 చొప్పున ఎంచుకున్నాడు. ఆ కింద బీమా గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది, తలకు 200. డబ్బు చెల్లించే పేజీకి వచ్చేసరికి కన్వీనియన్స్ ఫీజు పేరుతో తలకు 400 చేరింది. మొత్తం 23,600 అయింది. అర్ధగంట శ్రమపడి ఇక్కడిదాకా వచ్చిన మనిషి వెనక్కి పోడు. అలసిపోయి కట్టేస్తాడు. ఆ అలసటే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

సోదరులారా! ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. ధర పెరగడం వేరు, ధర దాచడం వేరు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు, ధర నిర్ణయించమని ప్రజలు కోరితే దైవప్రవక్త (స) అందుకు అంగీకరించలేదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఏ ఒక్కరికీ అన్యాయం చేసిన భారం లేకుండా తన ప్రభువును కలుసుకోవాలన్నదే ఆయన కోరిక. కాబట్టి పండుగ రోజుల్లో టికెట్టు ధర పెరిగిందని దాన్ని హరామ్ అనలేం. అలాగే, మధ్యవర్తి తన పనికి కూలి తీసుకోవడమూ తప్పు కాదు. ఇబ్ను సీరీన్, అతా, ఇబ్రాహీం నఖయీ, హసన్ బస్రీ వంటి తాబయీ పండితులు దళారీ కూలిలో దోషమేమీ చూడలేదని ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన గ్రంథంలో నమోదు చేశారు. ఫీజు తీసుకోవడంలో దోషం లేదు. కొనేవాడు మనసు స్థిరపరచుకునేదాకా ఆ ఫీజును దాచి ఉంచడమే దోషం.

ఈ దోషం నిన్న మొన్న పుట్టింది కాదు. పూర్వం అరబ్బుల సంతల్లో ఒక ఎత్తుగడ ఉండేది. ఒంటెనో మేకనో అమ్మదలచినవాడు దానికి రెండు మూడు రోజులు పాలు పితక్కుండా ఆపేవాడు. నిండుగా ఉబ్బిన పొదుగును చూసి కొనేవాడు మురిసిపోయేవాడు. ఇంటికి తోలుకెళ్ళాక మరునాటికి అసలు పాలెన్నో తెలిసేది. పాడి పశువుల సంత ఎరిగిన మన రైతులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. దైవప్రవక్త (స) ఈ పనిని వారించారు. అలా మోసపోయినవాడికి పశువును ఉంచుకునే హక్కూ, తిప్పి ఇచ్చే హక్కూ ఇచ్చారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం తెలుపుతోంది. తిప్పి ఇచ్చే విధివిధానాల్లో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది గానీ, ఆ పని మోసమన్న విషయంలో భేదం లేదు. ఆ అమ్మకందారు నోటితో ఒక్క అబద్ధమైనా ఆడలేదని గమనించండి. ఉబ్బిన పొదుగే అతని అబద్ధం. మొదటి పేజీలో తక్కువగా కనిపించే ధర కూడా ఇటువంటిదే.

‘ఈ ధరకు రెండే సీట్లు మిగిలాయి’ అని తొందరపెట్టే మాట నిజమైతే అది సమాచారం. నిజం కాకపోతే, కొనే ఉద్దేశం లేకుండానే వేలంలో పాట పెంచి ఎదుటివాణ్ణి ఉచ్చులోకి లాగే ‘నజష్’కు అది తోబుట్టువు. నజష్‌ను దైవప్రవక్త (స) నిషేధించారు.

ఇక, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సంగతి. ఇతరుల సొమ్ము మనకు ధర్మసమ్మతం కావాలంటే అది పరస్పర అంగీకారంతో జరిగిన వర్తకం ద్వారా రావాలని సూరా అన్నిసా నిర్దేశిస్తోంది. చూడనిదానికి అంగీకారం ఎక్కడిది? అడగకుండా వేరొకరు పెట్టిన టిక్కు మన సమ్మతి ఎలా అవుతుంది? కొన్నిచోట్ల బీమాతో పాటు ధర్మకార్యానికని అయిదో పదో రూపాయలు కూడా ఇలాగే చేరుస్తారు. కర్మలకు సంకల్పమే పునాది అని ఎరిగిన సమాజం మనది. ఇచ్చేవాడికి తెలియకుండా జేబులోంచి తీసిన దానిలో సంకల్పం లేదు. సంకల్పం లేనిది సదఖా కాదు.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. వినియోగదారుల రక్షణకు సంబంధించిన 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, కొనుగోలుకు సమ్మతిని ముందే టిక్కు పెట్టిన గడుల ద్వారా నమోదు చేయరాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పిలిచే మోసపు పోకడలు పదమూడింటిని పేర్కొంటూ మార్గదర్శకాలు వెలువరించింది. ధరను చుక్కచుక్కగా బయటపెట్టడం, బుట్టలో అడగని వస్తువు చేర్చడం, లేని తొందర కల్పించడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం వాటిలో ఉన్నాయి. చుక్కచుక్కల ధరకు ఆ మార్గదర్శకాలు ఇచ్చిన ఉదాహరణల్లో విమాన టికెట్టు ఒకటి. పద్నాలుగు శతాబ్దాల క్రితం సంతలో వారించబడిన పనిని నేటి చట్టం ఫోను తెర మీద వారిస్తోంది. చట్టానికి భయపడి మానేవాడు తనిఖీ లేనిచోట మళ్ళీ చేస్తాడు. అల్లాహ్ చూస్తున్నాడని మానేవాడు ఎక్కడా చేయడు.

సోదరులారా! ఇంతవరకూ మన వేలు దూరాన ఉన్న పెద్ద సంస్థల వైపు చూపింది. ఇప్పుడు దాన్ని మన వైపు తిప్పుకుందాం. మన మస్జిదుల చుట్టూ, మన బజార్లలో ట్రావెల్స్ దుకాణాలు ఎన్నో ఉన్నాయి. వాటిని నడిపేవారిలో మన సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడేవారూ ఉన్నారు. ఉమ్రా ప్యాకేజీకి ఒక ధర చెప్పి బయానా తీసుకుని, ప్రయాణం వారం ఉందనగా ఇంకొంత కట్టాలని అడగడం ఏ కోవలోకి వస్తుంది? హరమ్‌కు దగ్గరే బస అని చెప్పి, అక్కడ నడవలేని వృద్ధులను దూరాన దింపడం ఏ కోవలోకి వస్తుంది? ఖర్చు నిజంగా పెరగవచ్చు. పెరిగే అవకాశం ఉందని తెలిసినప్పుడు, ఏది పెరగవచ్చో, పెరిగితే ఎవరు భరించాలో మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఒకరి తరఫున కొనిపెడతానని డబ్బు తీసుకున్నవాడు వకీలు. వకీలు అమీన్, అంటే నమ్మకస్తుడు. పదహారు వేలకు వచ్చిన టికెట్టును పద్దెనిమిది వేలకు కొన్నానని చెబితే ఆ రెండు వేలు అతనివి కావు. తన కూలి రెండు వేలని ముందే చెప్పి ఒప్పించి తీసుకుంటే అదే రెండు వేలు తల్లిపాలంత హలాల్. రెండింటిలోనూ అంకె ఒకటే. ఒకటి నిప్పు, మరొకటి అన్నం.

హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) వృత్తాంతం బుఖారీలో ఉంది. ఒక మేకను కొనమని దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన ఆ దీనారుతో రెండు మేకలు కొన్నారు. దారిలో ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మారు. తిరిగి వచ్చి మేకనూ, దీనారునూ కూడా ప్రవక్త (స) ముందుంచారు. అడిగినది ఒక మేక. అది ఇచ్చేసి దీనారు దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. ఆ తరువాత ఆయన మట్టి కొన్నా అందులోనూ లాభం వచ్చేదని ఉల్లేఖకులు చెబుతారు. ఏజెంటుగా బతికే ప్రతి సోదరుడూ ఈ వృత్తాంతాన్ని తన బల్ల ముందు గోడ మీద రాసి పెట్టుకోదగినది. కొనేవాడూ అమ్మేవాడూ సత్యం పలికి లోపాలను వెల్లడిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి) ద్వారా మనకు అందిన బోధ కూడా ఇదే చెబుతోంది.

కొనేవారికీ ఒక బాధ్యత ఉంది. అజాగ్రత్త తవక్కుల్ కాదు. ధరలను మొదటి పేజీలో పోల్చకండి. చెల్లింపు పేజీదాకా వెళ్ళి మొత్తాన్ని పోల్చండి. విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో ఎంత ఉందో కూడా చూడండి. ప్రతి గడినీ చదివి, కోరనిదానికి టిక్కు తీసివేయండి. సీటు ఎంపికకు డబ్బు కట్టడం మన ఇష్టం మీద ఆధారపడినది. ఒకే పీఎన్ఆర్ మీద ప్రయాణించే పన్నెండేళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో ఒకరి పక్కన సీటు కేటాయించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ 2024లో విమాన సంస్థలను ఆదేశించింది. ప్రయాణం రద్దయినా, విమానం అందకపోయినా, టికెట్టులోని ప్రభుత్వ పన్నులూ, విమానాశ్రయ రుసుములూ వాపసు పొందే హక్కు మన దేశ విమానయాన నిబంధనల్లో ఉంది. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టు విషయంలోనూ వాపసు బాధ్యత విమాన సంస్థదే. చాలామంది తెలియక దీన్ని వదులుకుంటున్నారు.

ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించినది. లెక్క రాసుకోవడం అపనమ్మకం కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. మొదట చూపిన ధరకూ, చివర తీసుకున్న ధరకూ తెర ఫోటోలు తీసి ఉంచుకోండి. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. మూడు వందల రూపాయలకు ఎందుకీ తంటా అనిపించవచ్చు. ఆ మూడు వందలు మన తరువాత కొనే కూలివాడి జేబులోంచి కూడా పోతాయని గుర్తుంచుకోండి. మోసాన్ని ఆపడం మోసగాడికీ మేలే. ఫోను వాడటం తెలిసిన యువకులారా! మీ మొహల్లాలోని పెద్దలకు, చదువు రానివారికి పక్కన కూర్చుని టికెట్టు తీసిపెట్టండి. మీకు అదొక సదఖా.

తూనికల్లో కొలతల్లో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఒక సూరాయే అవతరించింది. తీసుకునేటప్పుడు పూర్తిగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించి ముతఫ్ఫిఫీన్ సూరా మాట్లాడుతుంది. కాలం మారి రాళ్ళ తూకం పోయింది, అంకెల తూకం వచ్చింది. రెంటినీ చూసే ప్రభువు ఒక్కడే. మనం బేరంలో పలికిన మొదటి అంకె మన దగ్గర ఎదుటివాడి అమానత్. దాన్ని చివరిదాకా కాపాడుదాం.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చెయ్యి. మా నాలుకలనూ, మా లెక్కలనూ సత్యంతో నింపు. మా ప్రయాణికులను క్షేమంగా ఇళ్ళకు చేర్చు. తెలియక మోసపోయినవారికి అంతకన్నా మేలైనది ప్రసాదించు. తెలిసి మోసగించేవారికి పశ్చాత్తాపం ప్రసాదించు. ఆమీన్.