వేడి కారులో మొరాయించు సెల్ఫు



వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము గ్రామమునుండి రోగి నొకనిని కారులో ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న ఆసుపత్రికి తీసికొనిపోయితిరనుకొనుడు. వైద్యుడు చూచి, పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొండనెను. మరల కారెక్కి తాళము త్రిప్పగా సెల్ఫు మూలిగి, సగముచుట్టు తిరిగి, నిలిచిపోయినది. ఉదయము ఇంటికడ ఒక్క త్రిప్పుకే లేచిన బండి యిది. చెట్టుక్రింద గంటసేపు చల్లారినచో ఏమియు నెరుగనట్లు మరల కదలును. రోగికి ఆ గంట వ్యవధి యుండునా?

స్టార్టరు మోటారునే మన డ్రైవర్లు సెల్ఫు అందురు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారులకు ఛార్లెస్ కెటరింగు విద్యుత్తుతో నడచు స్టార్టరును అమర్చినాడు. అంతకు పూర్వము ఇనుపకడ్డీతో ఇంజనును త్రిప్పుచు, అది యెదురుతన్నగా మణికట్టు విరుగగొట్టుకొనినవారు పెక్కుమంది.

సెల్ఫు మొరాయింపగానే జనులు బ్యాటరీని నిందించి క్రొత్తది కొందురు. ఇది తొందరపాటని నా అభిప్రాయము. ఏలయన, చల్లని ఇంజనులో నూనె చిక్కగా నుండును, వేడికి పలుచబడును. కావున వేడి ఇంజనును త్రిప్పుటయే సులభము. బ్యాటరీయు చలికి మందగించును గాని, ఎండవేడికి ఆ పూటనే బలము కోల్పోదు. పైగా దారిపొడవునను చార్జి యెక్కియున్నది. ఉదయము కష్టమైన పని చేసినది మధ్యాహ్నము తేలికపని చేయలేకున్న, దోషము వేరొకచోట వెదకవలెను.

రాగి తీగ వేడెక్కినకొలది విద్యుత్తును అడ్డును. ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి ఈ అడ్డు నూటికి సుమారు 0.4 వంతు పెరుగును. 30 డిగ్రీల మోటారు 100 డిగ్రీలకు వచ్చినచో పావువంతుకు మించి పెరిగినదన్నమాట. సెల్ఫుకు ప్రక్కనే పొగగొట్టము పోవు బండ్లలో ఈ వేడి సులభముగా వచ్చును. మోటారు పండ్లచక్రమును ముందునకు త్రోయు సోలినాయిడు చుట్టలోను ఇట్లే జరిగి దాని పట్టు సడలును. అన్ని అతుకులు శుభ్రముగా నున్న బండి ఈ నష్టమును ఓర్చుకొనును. ఎక్కడనో మురికిపట్టిన అతుకు అదివరకే యున్న బండి ఓర్వలేదు.

తూములో పూడిక యున్నను కూరమడికి సన్నధార పారును. పొలమంతయు ఒక్కమారు తడుపబోయిననే లోపము తెలియును. దీపమునకు అయిదారు ఆంపియర్లు చాలును. సెల్ఫునకు ఇంజనునుబట్టి 150, 200 ఆంపియర్లు కావలెను. తుప్పుపట్టిన అతుకులో ఓములో నూరవవంతు అడ్డున్నను, 200 ఆంపియర్లకు 2 వోల్టులు అచ్చటనే హరించును. 12 వోల్టుల బ్యాటరీకి ఇది చిన్న నష్టము కాదు.

మా ప్రాంతపు రైతొకరు తన జీపునకు ఒకే వేసవిలో రెండు బ్యాటరీలు కొనిరి. నేను చూచినప్పుడు తాళము త్రిప్పుచు దీపములు వేయుమంటిని. సెల్ఫు మూలుగుచున్నను దీపములు తగ్గలేదు. బ్యాటరీలో బలమున్నది, అది మోటారునకు చేరుటలేదని దీని యర్థము. దీపములు ఆరిపోవునంతగా మసకబారినచో బ్యాటరీ నీరసించినదనియో, మోటారు లోపల పట్టివేయుచున్నదనియో తలంపవలెను. ఆ జీపులో ఇంజనునుండి ఛాసీకి పోవు ఎర్తుపట్టీ పచ్చని చిలుము పట్టి, సగము పోగులు తెగియుండెను. రెండు బ్యాటరీల ధరలో దాని వెల ఏపాటి?

మీటరున్నచో ఊహతో పనిలేదు. బండి వేడిగా మొరాయించుచున్నప్పుడే, గేరు తీసి, చేతిబ్రేకు వేసి, ఇంజను లేవకుండ ఏర్పాటుచేసి కొలువవలెను. బ్యాటరీ ఋణస్తంభమునకును ఇంజను దిమ్మెకును మధ్య, సెల్ఫు తిరుగుచుండగా, 0.3 వోల్టు మించరాదు. ధనస్తంభమునకును మోటారు బోల్టునకును మధ్య అర వోల్టు మించరాదు. మించినచోట అతుకు విప్పి, గరుకు కాగితముతో తోమి బిగింపవలెను. విప్పునప్పుడు ఎర్తు తీగను ముందుగా తీయుడు. లేనిచో పానా ఛాసీకి తగిలి నిప్పురవ్వలు లేచును.

తీగలన్నియు బాగున్నను మోటారు లాగనిచో దానిని విప్పింపవలసినదే. బుష్షులు అరిగినచో ఆర్మేచరు ప్రక్కకు ఒరిగి రాచుకొనును, బ్రష్షులు అరిగియుండవచ్చును. పొగగొట్టమునకు అడ్డముగా నుండవలసిన రేకును మునుపటి మరమ్మతులో తీసి మరల వేయకుండిరేమో కూడ చూడుడు. పాత పెట్రోలు బండ్లలో నిప్పురవ్వ వేళ ముందునకు జరిగినచో వేడి ఇంజను సెల్ఫును ఎదురుతన్నును. అది మోటారు తప్పు కాదు.

దారిలో చిక్కుకొన్నప్పుడు తాళమును పది సెకనులకు మించి త్రిప్పి పట్టరాదు. పట్టినకొలది మోటారు ఇంకను వేడెక్కును. మధ్య రెండు నిమిషములు విరామమిచ్చి, బానెట్టు తెరచి గాలి తగులనిండు. చేతిగేరు బండియైనచో, బాగుచేయించు వరకును ఆసుపత్రి ముంగిట పల్లమువైపు ముఖముంచి నిలుపుడు.