విమాన వేగం – ప్రయాణ వేగం



ఈనాటి పాఠ్యాంశం దూరం, ప్రయాణకాలం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు కొలువుల కోసం వెళ్లి ఆ రైల్వే పట్టణంలో స్థిరపడ్డాయి. అలాంటి ఒక ఇంటికి, విశాఖపట్నంలో అమ్మమ్మకు జబ్బు చేసిందని కబురు వచ్చిందనుకోండి. రైలెక్కితే త్వరగా చేరతారా, విమానమెక్కితేనా? లెక్క వేద్దాం.

మొదట దూరం. ఖరగ్‌పూర్ 22.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87.3 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖకు ఇవి 17.7, 83.2. అక్షాంశాల తేడా 4.6 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 511 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కనుక ఈ ప్రాంతంలో డిగ్రీకి సుమారు 105 కిలోమీటర్లే. 4.1 డిగ్రీలకు 430. ఈ రెండింటికీ పైథాగరస్ సిద్ధాంతాన్ని వర్తింపజేస్తే కర్ణం సుమారు 670 కిలోమీటర్లు. అదే సరళరేఖా దూరం. రైలు మార్గం కటక్, భువనేశ్వర్, బరంపురం, పలాస మీదుగా, చిలికా సరస్సు పక్కగా వంపులు తిరుగుతుంది. అందుకే అది సుమారు 765 కిలోమీటర్లు. వేగంగా నడిచే ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు 11 గంటలు పడుతుంది.

ఇక విమానం. ఖరగ్‌పూర్ దగ్గరి కలైకుండా వైమానిక దళ స్థావరం. కాబట్టి ప్రయాణికులు కలకత్తా డమ్‌డమ్ వెళ్లాలి. అంటే విశాఖకు వ్యతిరేక దిశలో బయలుదేరాలన్నమాట! కలకత్తా నుంచి విశాఖకు సరళరేఖలో సుమారు 760 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 57 నిమిషాలు. కానీ టైంటేబుల్లో దాదాపు గంటన్నర ఉంటుంది. ఎందుకు? విమానం నేలమీద రన్‌వే దాకా నెమ్మదిగా నడవాలి. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. ఎదురుగాలి వీస్తే మరికొంత ఆలస్యం.

ఇప్పుడు మొత్తం కూడండి. హౌరాకు లోకల్ రైల్లో రెండున్నర గంటలు, అక్కడి నుంచి విమానాశ్రయానికి గంట, తనిఖీలకు ముందుగా చేరడానికి 2 గంటలు, ప్రయాణం గంటన్నర, దిగి ఊళ్లోకి చేరడానికి గంట. మొత్తం 8 గంటలు. 670ని 8తో భాగిస్తే గంటకు సుమారు 84 కిలోమీటర్లు! రైలుకు ఇదే లెక్కన 670ని 11తో భాగిస్తే 61.

అంటే విమానం ఆదా చేసేది 3 గంటలే. రైలు ఇప్పుడే ఉండి, విమానం కోసం 3 గంటలకు మించి ఆగవలసి వస్తే అమ్మమ్మ దగ్గరకు ముందు చేర్చేది రైలే. వాహనం వేగం వేరు, ప్రయాణం సగటు వేగం వేరు. గుమ్మం దాటినప్పటి నుంచి గుమ్మం చేరేదాకా పట్టిన కాలమే అసలు ప్రయాణకాలం.

మీ ఊరి నుంచి ఢిల్లీకి ఇదే లెక్క వేసి చూడండి.