వంటింటి అరబ్బీ



రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు. ఇటు కోనసీమ, నరసాపురం. ఈ వైపు ఊళ్ల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ వెళ్లారు. ఇప్పటికీ వెళ్తున్నారు. వాళ్లలో బడి గడప ఎక్కనివాళ్లు ఉన్నారు. సంతకం రానివాళ్లూ ఉన్నారు. అయినా రెండు మూడేళ్లకు సెలవు మీద ఇంటికి వచ్చేసరికి గడగడా అరబ్బీ మాట్లాడతారు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఎవరు నేర్పారు? పంతులు లేడు. పలక లేదు. మరి ఎలా వచ్చింది?

కొత్తగా వెళ్లిన ఒకామెను అనుకుందాం. ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చెవిలో పడేదంతా అరబ్బీయే. మొదటి రోజు అది మాటల్లా ఉండదు. రేకుల మీద వాన పడ్డట్టు ఉంటుంది. ఏ మాట ఎక్కడ ఆగిందో, ఇంకో మాట ఎక్కడ మొదలైందో తెలియదు.

యజమానురాలు నీళ్ల గ్లాసు చూపించి "మాయ్" అంటుంది. అదే గ్లాసు. అదే మాట. రోజుకు పది సార్లు. నాలుగు రోజులు పోయాక గ్లాసు చూపించక్కర్లేదు. "మాయ్" అనగానే చేయి కుండ దగ్గరికి పోయినట్టు, నీళ్ల సీసా దగ్గరికి పోతుంది. అలాగే "హలీబ్" అంటే పాలు. "మిల్హ్" అంటే ఉప్పు. "ఖుబుజ్" అంటే రొట్టె. "చాయ్" సంగతి చెప్పేదేముంది! "ఐష్" అంటే అన్నం. ఇది కువైట్ వాళ్ల మాట. ఈజిప్టు వాళ్లు ఐష్ అని రొట్టెను అంటారు. కువైట్‌లో ఈజిప్టు వాళ్లు కూడా చాలామందే ఉన్నారు. అడిగింది ఎవరో చూసుకుని వడ్డించాలి మరి.

వస్తువు కంటికి కనబడుతుంది. దాని పేరు చెవిన పడుతుంది. చేయి ఆ పని చేస్తుంది. మూడూ ఒక్కసారే జరుగుతాయి. అలా వచ్చిన మాట తొందరగా మరపుకు రాదు.

పేర్ల తర్వాత పని మాటలు వస్తాయి. "తఆలీ" అంటే రా. మన చెవికి తాళి అన్నట్టే ఉంటుంది. "రూహీ" అంటే వెళ్లు. "యీబీ" అంటే తీసుకురా. "ఖలాస్" అంటే అయిపోయింది. "బస్" అంటే చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనం ఆడవాళ్లనైనా, మగవాళ్లనైనా "వెళ్లు" అనే అంటాం. అరబ్బీలో అలా కాదు. ఆడమనిషితో "రూహీ" అనాలి. మగవాడితో "రూహ్" అనాలి. పనికి వెళ్లిన ఆమెతో అందరూ "రూహీ" అనే అంటారు. ఆమె చెవిన పడేది అదే. ఆమె కూడా ఆ ఇంటి పిల్లవాడితో "రూహీ" అంటుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వాక "రూహ్ అను, రూహ్" అని దిద్దుతారు. పెద్దవాళ్లకు అంత ఓపిక ఉండదు. పిల్లలకు అది ఆట. ఒకే మాట పది సార్లు అనిపిస్తారు. పరాయి ఇంట్లో మాట నేర్పే మొదటి పంతుళ్లు వీళ్లే.

ఇంకో విచిత్రం. అక్కడ చాలా ఇళ్లలో పనివాళ్లు యజమానురాలిని "మామా" అంటారు. అంటే అమ్మ అని. యజమానిని "బాబా" అంటారు. ఆడమనిషిని మామా అని పిలవడానికి మనవాళ్లకు మొదట్లో నోరు రాదు!

అరబ్బీ మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. కుర్చీ, కలం, దుకాణం, జవాబు, ఖాళీ, తారీఖు, వకీలు. ఇవన్నీ అరబ్బీ నుంచి పుట్టిన మాటలే. ఉర్దూ, పారశీకం మీదుగా ఎప్పుడో మన ఊళ్లకు వచ్చాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్ల అక్కలకు ఇలాంటివి ఇంకా ఎక్కువ తెలుసు. కానీ తెలిసిన మాటే కదా అని నమ్మేయకూడదు. మనం గరీబు అంటే బీదవాడు. అరబ్బీలో "గరీబ్" అంటే పరాయివాడు, ఊరికి కొత్తవాడు.

ఇక అసలు సంగతికి వద్దాం.

వంటింట్లో చెవిన పడేవి ఎలాంటి మాటలు? రా, వెళ్లు, తే, కడుగు, ఊడువు, తొందరగా. అన్నీ ఆమెకు చెప్పే పనులే. ఏడాది తిరిగేసరికి ఏ పని చెప్పినా అర్థమవుతుంది. కానీ "నా జీతం ఎప్పుడు ఇస్తారు?" అని అడగడం రాదు. ఎలా వస్తుంది? ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు కదా! చెవిన పడని మాట నోటికి రాదు. తలనొప్పి వస్తే చెప్పుకోలేదు. అర్థం కాకపోయినా తల ఊపుతుంది. తర్వాత తిట్లు తింటుంది.

అందుకని కొన్ని మాటలు తనే వెతుక్కుని నేర్చుకోవాలి. "హాదా షినూ?" అంటే ఇదేమిటి? ఈ ఒక్క ప్రశ్న వస్తే ఇల్లంతా చూపించి అడగవచ్చు. "మా ఫహమ్త్" అంటే అర్థం కాలేదు. "శ్వయ్ శ్వయ్" అంటే మెల్లగా. "అనా తాబానా" అంటే నాకు ఒంట్లో బాగాలేదు. "చమ్?" అంటే ఎంత? "మతా?" అంటే ఎప్పుడు? "మఆష్" అంటే జీతం. "మఆష్ మతా?" అంటే చాలు, ఎదుటివాళ్లకు తెలుస్తుంది. వ్యాకరణం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"జవాజ్" అంటే పాస్‌పోర్టు. "సఫారా" అంటే రాయబార కార్యాలయం. మన దేశం వాళ్ల కచేరీ అన్నమాట. ఈ రెండూ ఎందుకంటే, కువైట్‌లో 2015లో ఇంటి పనివాళ్ల కోసం ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఆ రోజు జీతం కోయకూడదు. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. చట్టంలో ఉన్నదంతా ప్రతి ఇంట్లో జరగదు. అది మన దగ్గర మాత్రం జరుగుతోందా? కానీ జవాజ్ అనే మాటే రాకపోతే దాన్ని అడిగేదెలా? హక్కు అనే మాట కూడా అరబ్బీదే. వాళ్లు "హక్" అంటారు.

చెవితో వచ్చేది మాట. అంకెలు మాత్రం కంటితో నేర్చుకోవాల్సిందే. అక్కడ బోర్డుల మీద, చీటీల మీద అరబ్బీ అంకెలు ఉంటాయి. వాళ్ల 1 నిలువు గీత. వాళ్ల 5 మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్నా ఒట్టి చుక్క. వాళ్ల 6 మనం రాసే 7 లాగా ఉంటుంది. అంటే 50 రాస్తే మనకు ఒక సున్నా, పక్కన ఒక చుక్క కనిపిస్తాయి. జీతం చీటీలోనూ, మందు చీటీలోనూ ఇది తెలియకపోతే ఎంత తేడా వస్తుందో చూడండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాస్తారు. అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. డబ్బు లెక్క కూడా వేరు. మనకు రూపాయికి 100 పైసలు. అక్కడ దీనారుకు 1000 ఫిల్సులు.

అంకెలు వస్తే వారాలు కూడా సగం వచ్చినట్టే. వాహద్, ఇత్నేన్, తలాతా, అర్బా, ఖమ్సా. ఒకటి నుంచి ఐదు. ఆదివారం "అహద్", సోమవారం "ఇత్నేన్", మంగళవారం "తలాతా", బుధవారం "అర్బా", గురువారం "ఖమీస్". శుక్రవారం "జుమా".

ఇప్పుడు మీ చేతిలో తెలుగు అక్షరాలు ఉన్నాయి. వెనకటి వాళ్లకు లేనిది అదే. కొంగు చాటున పట్టేంత చిన్న నోటు పుస్తకం చాలు. విన్న మాటను తెలుగులో రాసుకోవచ్చు. "తఆలీ"లో మధ్యన గొంతులోంచి ఒక శబ్దం వస్తుంది. దానికి తెలుగులో అక్షరం లేదు. దగ్గరి అక్షరం రాసి, కింద ఒక గీత గీసుకుంటే సరి.

మీ ఊళ్లో తిరిగి వచ్చినవాళ్లు ఉంటారు. వెళ్లబోయే ఆమె ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోవాలి. కూరగాయల పేర్లు అడగనక్కర్లేదు. అవి అక్కడ వారంలో వస్తాయి. "అబీ" ఎలా పలకాలో అడగాలి. అబీ అంటే నాకు కావాలి. "అబీ మాయ్", నాకు నీళ్లు కావాలి. "అబీ దవా", నాకు మందు కావాలి. "అబీ తిలిఫోన్", ఇంటికి ఫోన్ చేసుకోవాలి. రాసుకున్నది పైకి చదివితే, ఆమె విని దిద్దుతుంది.