నాపీ: ఒక మాట బరువు

ఆంగ్లభాషలో "నాపీ" అను చిన్నమాట కలదు. ఇంగ్లండులోని తల్లికి ఆ మాట వినగానే పసిబిడ్డకు చుట్టెడు గుడ్డ స్ఫురించును. ఆ గుడ్డతో మనకు పని లేదు. అమెరికాలోని నల్లజాతివారి శిరోజములకు తగిలించిన "నాపీ" వేరు. నేతగాండ్ర పరిభాషలో "నాప్" అనగా బట్టపై లేచియుండు నూగు. నూగు గల ఉన్నిబట్టను నాపీ అనెడివారు. బట్టను గూర్చి పలికినంతకాలము అందు దోషమేమియు లేదు.

బానిసత్వపు దినములలో తెల్లవారు నల్లవారి దట్టమైన చుట్టల జుట్టును ఉన్ని యనియు, నాపీ యనియు పేర్కొనిరి. ఉన్ని గొఱ్ఱెకుండును, మనుష్యునకుండునవి కేశములు. మాటలోని విష మక్కడనే యున్నది. మన యిండ్లలోను బిడ్డ జుట్టు సుడులు తిరిగినచో "ఉంగరాల జుట్టు" అని మురిసెదము, బిరుసెక్కినచో "పీచు జుట్టు" అని విసుగుకొందుము. కాని మన పీచు వెనుక కొరడా లేదు, వేలంపాట లేదు.

1865లో బానిసత్వము చట్టరీత్యా తొలగినను మాట తొలగలేదు. నల్లవారి యిండ్లలోనే తల్లులు దువ్వెన చేతబట్టి, కూతురి తల చూచి, ఆ మాటనే పలుకసాగిరి. జుట్టు తిన్ననైనచో ఉద్యోగము దొరకును, మర్యాద దక్కును అను ఆశతో ఇనుప దువ్వెనను పొయ్యిపై కాచి వెండ్రుకలను సాగదీసెడివారు. ఒకొకసారి చెవి అంచు కూడ చుఱుక్కుమనెడిది. బానిసత్వమునుండి విడివడిన దంపతులకు 1867లో జన్మించిన సారా బ్రీడ్‌లవ్, మేడమ్ సి. జె. వాకర్ అను పేరిట తలకు రాచు లేపనములు విక్రయించి ధనవంతురాలైనది. తన మందు జుట్టు పెంచుటకేగాని తిన్నగా చేయుటకు కాదని ఆమె పట్టుబట్టి చెప్పెడిది. ఆ పట్టుదలలోని అభిమానము గమనింపదగినది.

1960లలో "నలుపే అందము" అను నినాదము లేచి, యువతీయువకులు జుట్టును సహజముగా గుండ్రముగా పెంచిరి. 1997లో కరొలీవియా హెరన్ అను నల్లజాతి రచయిత్రి పిల్లల కొఱకు వ్రాసిన పుస్తకమునకు "నాపీ హెయిర్" అనియే పేరు పెట్టినది. అది ఆ జుట్టును కొనియాడు పుస్తకమే. అయినను మరుసటి యేట బ్రూక్లిన్‌లో ఒక తెల్లజాతి ఉపాధ్యాయిని దానిని తరగతిలో చదువగా, కొన్ని పుటల నకళ్ళు మాత్రమే చూచిన పెద్దలు మండిపడిరి. ఆమె ఆ బడిని విడువవలసివచ్చినది. ఆమె తలంపు మంచిదే. వారి కోపమును ఊరక పుట్టినది కాదు.

రేడియోకు సంబంధించిన ఉదంత మొకటి. 2007 ఏప్రిల్ 4వ తేదీన డాన్ ఐమస్ అను పేరుమోసిన ప్రసారకుడు, జాతీయ పోటీలో తుదియాట వరకు వచ్చిన రట్గర్స్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ యువతులను "నాపీ తలలవారు" అని, దానికొక బూతు జోడించి పరిహసించెను. జట్టులో అధికులు నల్లజాతివారు. ఎనిమిది దినములలో సి.బి.ఎస్. సంస్థ అతనిని తొలగించినది. నల్లజాతివారిలో పుట్టిన మాటయే కదా యని అతడు సమర్థించుకొన జూచెను. అక్క తమ్ముని "ఓరి పిచ్చివాడా" అనుటయు, వీధిలో ముక్కుమొగ మెఱుగనివాడు ఆ మాటే యనుటయు ఒకటియేనా?

2019లో కాలిఫోర్నియా రాష్ట్రము, జుట్టు తీరును బట్టి ఉద్యోగములలోను బడులలోను భేదము చూపరాదని శాసించినది. ఇంతలో ఫ్రెంచి మాటలాడు నల్లజాతి స్త్రీలు, "సహజము", "సంతోషము" అను అర్థములు గల రెండు ఆంగ్లపదములు కలిసి "నాపీ" యైనదని క్రొత్త వ్యుత్పత్తి కల్పించుకొని, తమ్ము తాము ఆ పేరుతోనే పిలుచుకొనుచున్నారు.