జూదశాల లెక్క



మకావు జూదశాలలలో బకారా యను పేకాటకు మిక్కిలి ప్రచారము గలదు. అందు బ్యాంకరు, ప్లేయరు అని రెండు పక్షములు. ఏ పక్షము గెలుచునని గాని, రెండును సమమగునని గాని పందెము కాయవచ్చును. సమమైనచో ఒకటికి 8 యిత్తురు. ఆశ గొలుపు మాటయే! కాని సమము 100 ఆటలలో సగటున తొమ్మిది పదిసారులే వచ్చును. న్యాయమైన వెల తొమ్మిదిన్నర. కావున 100 రూపాయల పందెమున సగటున 14 రూపాయలు శాలకు మిగులును. ప్లేయరు పక్షమున మిగులునది ఇంచుమించు రూపాయి పావలా. బ్యాంకరు పక్షమున, గెలుపుపై నూటికి 5 రుసుము గొనుటచే, రూపాయికి కొంచెము పైన. ఎటు కాసినను శాలదే పైచేయి.

ఓడినకొలది పందెము రెట్టించిన తుదకు గెలుతుమని కొందఱందురు. ఒక రూపాయితో మొదలిడి వరుసగా ఏడాటలోడినచో 127 రూపాయలు పోవును. ఎనిమిదవ యాటకు 128 ఒడ్డవలెను. గెలిచినను మిగులునది ఒక్క రూపాయి! పైగా పందెమునకు శాల హద్దు విధించును.

మితముగా ఒడ్డుట నష్టమును మందగింపజేయునే గాని లాభముగా మార్చజాలదు. ఆడక మానని వారు, పోయినను ఇల్లు కదలని సొమ్మును ముందే వేఱుచేసి, అది తీఱగనే లేవవలెను, అప్పు తేరాదు. అక్షహృదయము నలునకు రాజ్యము నిచ్చెను. అంకగణితము మనకు లేచివచ్చు బుద్ధి నిచ్చిన జాలును.